ఫైర్ సర్వీసులో చేసిన బాపు మీద స్మృతి పుస్తకం: ఏం అడగాలి, ఏం సరిచూసుకోవాలి

మీరు అడిగింది ఇది: బాపు వరంగల్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరై ఈమధ్యే కాలం చేశారు, ఏడాది మాసికానికి చిన్న పుస్తకం వేయాలని ఉంది. కానీ ఎన్నిసార్లు రాసినా "ధైర్యశాలి, త్యాగశీలి, ఆదర్శ తండ్రి" అన్న మాటలే వస్తున్నాయి, మనిషి మాత్రం కనబడడం లేదు.

అమ్మా, ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. ఏ తండ్రికైనా సరిపోతాయి కాబట్టే మీ బాపుకు అతకడం లేదు. ఆయన చేసిన పనిని ఆ పనిలో ఉన్నవాళ్ళ మాటలతో, లెక్కలతో రాయండి. ఇంట్లో ఆయన చేసినవి కూడా అంతే వివరంగా రాయండి. పొగడ్త రాయాల్సిన అవసరం చాలావరకు ఉండదు.

ముందు పిలుపు సంగతి. మీరు బాపు అని పిలిచారు కదా, పుస్తకంలో "నాన్నగారు", "మా తండ్రిగారు" అని మార్చకండి. మీ అమ్మను అవ్వ అంటే అవ్వ అనే రాయండి. అచ్చుకు వెళ్తోందని భాషకు ఇస్త్రీ చేస్తే మొదటి పేజీలోనే ఆయన పరాయివాడైపోతాడు. కవర్ మీద కీ.శే. పెట్టి పూర్తి పేరు వేయండి, లోపలంతా బాపే.

తర్వాత కాగితాలు. జ్ఞాపకాల కన్నా ముందు తేదీలు స్థిరపడాలి, ఎందుకంటే జ్ఞాపకాలన్నీ వాటి మీదే నిలబడతాయి. పెన్షన్ పేమెంట్ ఆర్డర్ మీ అవ్వ దగ్గరే ఉంటుంది. దాంట్లో పుట్టిన తేదీ, చేరిన తేదీ, రిటైరైన తేదీ, చివరి హోదా ఉంటాయి. సర్వీస్ రిజిస్టర్ జిరాక్స్ దొరికితే ఏ ఏడాది ఏ స్టేషన్లో చేశారో, ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో వరుసగా తెలుస్తుంది. మొదట స్టేషన్ ఆఫీసర్‌ను కలిసి నోటిమాటగా అడగండి, చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది. కాకపోతే జిల్లా అగ్నిమాపక అధికారి కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. పాత అకరెన్స్ బుక్కులు (స్టేషన్లో ఏ రోజు ఏం జరిగిందో రాసే పుస్తకాలు), ఫైర్ రిపోర్టులు గడువు దాటాక తీసేసి ఉండవచ్చు. అందుకే "ఫలానా ఏడాది ఫలానా నెల" అని ఇరుకుగా అడగండి. "మొత్తం సర్వీసులో అన్నీ ఇవ్వండి" అని రాస్తే ఏదీ రాదు.

రిటైర్మెంట్ తేదీని ఒకసారి మీరే లెక్క వేసి చూడండి. మన దగ్గర 2021 మార్చి దాకా 58 ఏళ్ళు, ఆ తర్వాత 61. పుట్టిన నెల చివరి రోజున రిటైరవుతారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు మాత్రం అంతకుముందు నెల చివరి రోజునే దిగిపోతారు. ఆ తరంలో చాలామందికి బడిలో వేసిన పుట్టినరోజు వేరు, ఇంట్లో చెప్పే పుట్టినరోజు వేరు. రెండూ ఉంటే రెండూ రాయండి, ఏది ఎక్కడిదో చెప్పండి. దాచాల్సిన సంగతి కాదది.

జిల్లాల పేర్ల దగ్గర దాదాపు ప్రతి పుస్తకంలోనూ తప్పు పడుతుంది. 2016 అక్టోబర్ 11కు ముందు జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనివే. ఆరోజు నుంచి వరంగల్ అర్బన్, రూరల్ వచ్చాయి. ములుగు 2019లో వేరే జిల్లా అయింది. హనుమకొండ జిల్లా అన్న పేరు 2021లో వచ్చింది. "1990లో హనుమకొండ జిల్లాలో పనిచేశారు" అని రాస్తే తప్పు. అప్పటి పేరు రాసి, "ఇప్పటి ఫలానా జిల్లా" అని పక్కన చేర్చండి. శాఖ పేరూ అంతే. 2014 జూన్ 2కు ముందు ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక శాఖ, తర్వాత తెలంగాణ రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ.

హోదాను పెంచి రాయకండి. ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్, ఆ పైన సహాయ జిల్లా అధికారి, జిల్లా అధికారి, ఇవన్నీ వేర్వేరు ఉద్యోగాలు. మీ బాపును "అగ్నిమాపక అధికారి" అని రాస్తే చుట్టాలు ఏమీ అనుకోరు. కానీ ఆయనతో పనిచేసినవాళ్ళు ఆ ఒక్క మాట దగ్గరే పుస్తకం మూసేస్తారు. లీడింగ్ ఫైర్‌మన్ అనేదే గౌరవం ఉన్న మాట. స్టేషన్ ఆఫీసర్ లేనప్పుడు బండిని, మనుషులను నడిపించేది ఆయనే, మంట దగ్గర ఎవరు ఎటు పోవాలో చెప్పేదీ ఆయనే. పతకాలు ఉంటే సర్టిఫికెట్ మీద ఉన్న పేరే దించండి. సేవా పతకం వేరు, ఉత్తమ సేవా పతకం వేరు, రాష్ట్రపతి పేరుతో వచ్చేది ఇంకా వేరు.

ఇక అసలు సంగతి, పని. ఇక్కడే ఎక్కువ శ్రమ పెట్టండి. "మంటలను లెక్కచేయక ఎన్నో ప్రాణాలు కాపాడారు" అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. ఆయనతో చేసిన ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి అడిగితే వేరే సంగతులు వస్తాయి. అయితే వాళ్ళు చెప్పేది మీకు అర్థం కావాలంటే ఆ పని లెక్కలు కొన్ని తెలిసి ఉండాలి.

మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ళ ఫైరింజన్‌లో, 4500 లీటర్ల నీళ్ళు పడతాయి. 20 మిల్లీమీటర్ల నాజిల్ పెట్టి 7 కిలోల ప్రెషర్‌తో కొడితే నిమిషానికి దాదాపు 700 లీటర్లు పోతాయి. అంటే ఆరున్నర నిమిషాల్లో బండి ఖాళీ. 12 మిల్లీమీటర్ల నాజిల్ అయితే నిమిషానికి సుమారు 250 లీటర్లు, 18 నిమిషాల దాకా వస్తాయి. కాబట్టి ఎవరైనా "రాత్రంతా నీళ్ళు కొట్టినం" అంటే వెంటనే అడగాల్సింది "నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నరు?" అని. చెరువా, వ్యవసాయ బావా, మున్సిపాలిటీ ట్యాంకరా? పంపు బావిలోంచి నీళ్ళు పీల్చగలిగేది దాదాపు 7 మీటర్ల లోతు నుంచే. అంతకన్నా కింద ఉంటే సక్షన్ అందదు. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో బావులు అడుగంటినప్పుడు ఇదే కష్టం: మంటలు ఎక్కువ, నీళ్ళు లోతుకు. సక్షన్ పైపు జాయింట్ దగ్గర కొంచెం గాలి పీల్చినా, పైపు మూతికి ఉండే జల్లెడకు (స్ట్రైనర్‌కు) నాచు చుట్టుకున్నా నీళ్ళు ఎక్కవు. అలాంటప్పుడు బావిలో దిగి చెత్త తీసింది ఎవరో, పంపు దగ్గర నిలబడింది ఎవరో అడగండి. బ్రాంచ్ (నీళ్ళ పైపు చివర మంట వైపు పట్టే గొట్టం) పట్టుకున్నవాడి కథ అందరూ చెబుతారు. పంపు దగ్గరివాడిది, హోస్ (నీళ్ళ పైపు) లాగినవాడిది అడిగితేనే బయటికి వస్తుంది.

హోస్ సంగతి కూడా తెలుసుకోండి. 63 మిల్లీమీటర్ల హోస్ 15 మీటర్ల పొడవుది నీళ్ళతో నిండితే లోపలి నీళ్ళ బరువే 46 కిలోలు దాటుతుంది. మూడు హోస్‌లు కలిపి ఒక సందులోంచి ఇంకో సందులోకి తిప్పాలంటే 140 కిలోలు ఈడ్చాలి, అదీ పొగలో. బ్రాంచ్ వెనక్కి తన్నుతుంది, అందుకే ఇద్దరు పట్టుకుంటారు. ముందున్నవాడు మంటను చూస్తాడు, వెనకున్నవాడు వాడి బరువును మోస్తాడు. మీ బాపు జంటగా ఎవరితో ఎక్కువ పట్టారో కనుక్కుని ఆ మనిషి చేత ఒక పేజీ రాయించండి. ఆయన రాయలేనంటే ఫోన్‌లో రికార్డు చేసి, ఆయన మాట తీరు చెడకుండా రాసుకోండి.

మంట ఆరితే కాల్ (పిలుపు వచ్చి వెళ్ళిన పని) అయిపోయినట్టు కాదు. ట్యాంకు మళ్ళీ నింపాలి, రిపోర్టు రాయాలి, హోస్‌లు కడిగి వేలాడదీసి ఆరబెట్టాలి. పాత కాన్వాస్ హోస్ తడిగా చుట్టిపెడితే బూజు పట్టి చివికిపోతుంది, తర్వాతి మంట దగ్గర ప్రెషర్‌కు పగులుతుంది. చిన్నప్పుడు "మంట ఎప్పుడో ఆరిందన్నరు, బాపు ఇంకా రాలే" అని మీరు గుమ్మంలో ఎదురుచూసి ఉంటే, ఆ ఆలస్యంలో ఉన్నది ఈ పనే. ఇది ఇంటి కథలోనూ రాయదగ్గది.

వరంగల్‌లో పనిచేసిన ఫైర్‌మన్ కథలో పత్తి లేకుండా ఉండదు. ఏనుమాముల మార్కెట్, చుట్టూ పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులు, గోదాములు. పత్తి మంట పైకి ఆరినట్టే కనబడుతుంది, లోపల కణకణ కాలుతూనే ఉంటుంది. బేలు, అంటే పత్తి మూట, దాదాపు 170 కిలోలు, గట్టిగా నొక్కి కట్టింది. పైన కొట్టిన నీళ్ళు జారిపోతాయి తప్ప లోపలికి ఇంకవు. బేళ్ళను ఒక్కొక్కటీ పక్కకు లాగి, పట్టీలు కోసి, విప్పి, తడిపి, మళ్ళీ తిప్పాలి. అందుకే పత్తి మంటలకు రోజులు పడతాయి. గడ్డివాముదీ ఇదే తీరు. మిర్చి మంట ఇంకో రకం: వేడి కన్నా ఘాటే ముందు చంపుతుంది, కళ్ళు తెరవలేరు, దగ్గు ఆగదు, బ్రీదింగ్ సెట్ (వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు) లేకుండా లోపలికి పోలేరు. ఆ సెట్లు ఎన్ని ఉన్నాయి, ఎవరు తొడుక్కున్నారు, మిగతావాళ్ళు ఏం చేశారు అని అడగండి. గుడిసెలు అంటుకున్నప్పుడు కాలుతున్న ఇంటిని వదిలి, పక్కింటి కప్పును కొక్కెంతో లాగేయాల్సి వస్తుంది, ఆ ఇంటివాళ్ళు తిడుతుండగానే. అలాంటి నిర్ణయం ఆయన తీసుకున్న సందర్భం దొరికితే అదొక్కటే పది విశేషణాల పెట్టు.

బావి రెస్క్యూలు మర్చిపోకండి. పాత బావిలో మోటారు కోసం దిగి గాలి ఆడక పడిపోయినవాళ్ళను తీయడానికి తొందరపడి దిగితే దిగినవాడూ పడిపోతాడు. అక్కడ ఆగి, గాలి సంగతి చూసి, తాడు కట్టుకుని దిగడమే ధైర్యం. మీ బాపు ఎవరినైనా దిగకుండా ఆపిన సందర్భం ఉందా అని కూడా అడగండి. ఆపినవి ఎవరూ చెప్పుకోరు.

చెప్పినవన్నీ తేదీలతో సరిచూడాలి. మేడారం జాతర రెండేళ్ళకోసారి. 2014, 2016, 2018, 2020, 2022, 2024 అలా వచ్చింది. "2015 మేడారం డ్యూటీ" అని ఎవరైనా అంటే ఏడాది తప్పు చెబుతున్నట్టే, సంఘటన నిజమే కావచ్చు. నగరంలో వరదంటే 2020 ఆగస్టుదా, 2023 జూలైదా తేల్చుకోండి, అప్పటికి ఆయన సర్వీసులో ఉన్నారా లేదా చూసుకోండి. ఏప్రిల్ 14 ఫొటోలు ఉంటే అవి అగ్నిమాపక దినానివా, అంబేద్కర్ జయంతివా అన్నది వెనకున్న బ్యానర్ చూసి నిర్ణయించండి, రెండూ ఒకే రోజు. 1944లో అదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ ఓడలో మందుగుండుతో పాటు పత్తి బేళ్ళూ ఉన్నాయి. పత్తి మంటలు ఆర్పిన మీ బాపు ఏటా ఆ రోజున ఎవరికోసం మౌనంగా నిలబడ్డారో పిల్లలకు తెలిసేలా రెండు వాక్యాలు రాయండి.

రాయకూడనివీ ఉన్నాయి. మంటల్లో, బావుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు వేయకండి. వాళ్ళ ఇంటివాళ్ళు ఇదే ఊళ్ళో ఉన్నారు, మీ పుస్తకం వాళ్ళ చేతికీ పోతుంది. మంట ఎవరి తప్పు వల్ల వచ్చిందో రాయకండి. ఎంతమందిని కాపాడారన్న అంకె రిపోర్టులో ఉంటేనే వేయండి. "పొగ పీల్చీ పీల్చీ జబ్బు పడ్డారు" అని చాలామంది రాస్తారు, డాక్టరు కాగితంలో ఆ మాట లేకపోతే మీరూ రాయకండి.

ఇంటి మనిషిగా ఆయనను రాయడానికి అవ్వను అడగండి, కానీ "బాపు ఎట్లాంటివాడు?" అని అడగకండి. "మంచోడు" అంటుంది, కళ్ళు తుడుచుకుంటుంది, అంతే. చిన్న ప్రశ్నలు వేయండి. డ్యూటీ నుంచి వచ్చాక మొదట ఏం చేసేవాడు? పొగ వాసన బట్టలు ఎక్కడ విప్పేవాడు? పడుకునే ముందు గ్యాసు రెగ్యులేటర్ ఎవరు చూసేవాళ్ళు? ఊరికి పోతే స్విచ్‌లు, దీపం కుందులు ఎన్నిసార్లు చూసుకునేవాడు? జీతం రాగానే ముందు ఎవరికి ఏం పంపేవాడు? చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు అప్పు ఎంత చేశాడు, ఎన్నేళ్ళకు తీర్చాడు? ఏ కూర వండితే ఇంకో ముద్ద అడిగేవాడు?

పండుగల గురించి తప్పక అడగండి. దీపావళి రాత్రి ఫైర్ స్టేషన్లో సెలవు దొరకదు, ఆ రోజే కాల్స్ ఎక్కువ. ఎండాకాలం కూడా అంతే, అవి పెళ్ళిళ్ళ రోజులు, పిల్లల సెలవులు. ఆయన లేని దీపావళులు మీ ఇంట్లో ఎలా గడిచాయి? పటాకులు మరునాడు కాల్చారా? ఆయన కోసం ఏమైనా దాచి ఉంచేవాళ్ళా? కుటుంబాన్ని ప్రేమించాడు అనడానికి, ఆయన ఇంట్లో ఉన్న రోజులతో పాటు లేని రోజులనూ, వచ్చాక వాటిని ఎలా పూడ్చాడో కూడా రాయాలి. రిటైరయ్యాక మనవళ్ళతో గడిపిన తీరు దాని పక్కన పెడితే అతుకుతుంది. అవ్వ గురించి కనీసం రెండు పేజీలు ఉండాలి. రాత్రి కాల్ వచ్చి ఆయన వెళ్ళిపోయాక పిల్లలతో ఒంటరిగా ఉన్నది ఆమె. చాలా పుస్తకాల్లో ఆమెకు ఒక ఫొటో, ఒక వాక్యం దక్కుతాయి. అది అన్యాయం.

రాసేటప్పుడు తేడా ఇలా ఉంటుంది. "ప్రాణాలకు తెగించి మిల్లు మంటలను అదుపు చేశారు" అనే బదులు: "మొదటి బండి నీళ్ళు ఏడు నిమిషాల్లో అయిపోయినయి. రెండో బండి చెరువు కాడికి పోయి వచ్చేదాకా బాపు, ఇంకిద్దరు కాలని బేళ్ళను చేతులతో బయటికి దొర్లించిన్రు. మూడో రోజు పొద్దున ఇంటికి వచ్చి, చెయ్యి కాలిన సంగతి చెప్పకుండ ఎడమచేత్తో అన్నం తిన్నడు. అవ్వ అప్పుడు చూసింది." ఇది నమూనా మాత్రమే, మీకు దొరికిన నిజంతో నింపండి. దొరక్కపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయడమే మంచిది.

అచ్చు విషయాలు. ఏ5 సైజు చాలు, పేజీలు నాలుగుతో భాగించబడాలి: 16, 20, 24. ఏడుగురు మనవళ్ళు, నలుగురు కోడళ్ళు, అల్లుళ్ళు రాస్తామంటే 24 పెట్టుకోండి. పెద్దవాళ్ళు చదవాలి కాబట్టి అక్షరం 14 పాయింట్లకు తగ్గొద్దు, అప్పుడు పేజీకి 150 మాటలకు కొంచెం అటూ ఇటూ పడతాయి. పాత ఫొటోలను ఫోన్‌తో తీయకండి, 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి, పీకితే ముఖమే ఊడి వస్తుంది. యూనిఫాం ఫొటో ఏ హోదాలో ఉన్నప్పటిదో భుజం మీది గుర్తులు చూసి పాత సహోద్యోగి చేత చెప్పించుకుని కింద రాయండి.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది ఫాంట్ దగ్గర. మీరు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. మారుస్తున్నప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, క్ష, ర వత్తు, పొల్లు అక్షరాలు చెదురుతాయి. మీ దగ్గరి ఫైలు శుభ్రంగా ఉందని ధీమాగా ఉండకండి. మార్చిన తర్వాతి ప్రూఫ్‌ను కాగితం మీద, అసలు సైజులో తీయించి మొదటి నుంచి మళ్ళీ చదవండి. పేర్ల జాబితాను బాపు వైపు ఒకరికి, అవ్వ వైపు ఒకరికి, అల్లుళ్ళ వైపు ఒకరికి చూపించండి. ఒక్క పేరు పోతే దాని మాట ఏళ్ళ తరబడి ఉంటుంది.

తేదీ చూసుకోండి. ఏడాది మాసికం తిథిని బట్టి వస్తుంది, క్యాలెండర్ తేదీకి సుమారు 11 రోజుల ముందే పడుతుంది. మధ్యలో అధికమాసం వస్తే లెక్క మారుతుంది. అయ్యగారిని ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి, దానికి మూడు వారాల ముందు మొత్తం డీటీపీకి ఇచ్చేయాలి. కాపీలు మనుషుల లెక్కన కాదు, ఇళ్ళ లెక్కన వేయించండి. ఆయన చేసిన ప్రతి స్టేషన్‌కు రెండు కాపీలు పక్కన పెట్టండి.

చివరి ప్రూఫ్‌ను అవ్వకు ఇచ్చి వదిలేయకండి, పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి. "ఆయన గట్ల అనడు" అని ఆమె ఎక్కడ అంటే అక్కడ ఆపి, ఎట్లా అనేవాడో అడిగి, అదే మాట వేయండి.